ఇంటి రక్షణకు అందుబాటు ధరలో పిస్టల్: అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఎలా ఎంచుకోవాలి

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కుని స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, ఇంట్లో ఒక పిస్టల్ ఉంటే మంచిదేమోనన్న మాట ఏదో ఒక రోజు వస్తుంది. ఆ భయం పూర్తిగా నిరాధారమైనది కాదు. 2011 నుంచి 2014 వరకు ఒక ముఠా న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్, టెక్సాస్ తదితర రాష్ట్రాలలో ఆసియా, భారత సంతతి కుటుంబాల ఇళ్లను ఏరికోరి ఎంచుకుని, లోపల మనుషులు ఉండగానే చొరబడి దోచుకుంది. ఆ ముఠాను నడిపిన మహిళకు మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 2019లో 37 ఏళ్ల జైలు శిక్ష విధించింది. అయితే పెళ్లినగలు బీరువాలో ఉంచుకుని పక్కన పిస్టల్ పెట్టుకోవడం కంటే, ఆ నగలను బ్యాంకు లాకరుకు చేర్చి, వీధి తలుపు గడియ పట్టీని మూడంగుళాల మరలతో గోడ కర్రకు బిగించి, గరాజు తలుపు రాత్రిపూట మూసి ఉందో లేదో చూసుకోవడం వల్ల కలిగే రక్షణే ఎక్కువ. ఈ పనులన్నీ అయ్యాక కూడా పిస్టల్ అవసరమని భావించేవారి కోసమే ఈ వివరాలు.

ముందుగా చూసుకోవలసినది వీసా

ఏ కంపెనీ పిస్టల్ మంచిదని అడిగే ముందు, మన పేరుమీద పిస్టల్ ఉండవచ్చునా అని అడగాలి. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1, బి-2 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకిని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది గనుక, కొందరు ఆ లైసెన్సు తీసుకుని తుపాకులు కొంటున్నారు. అది చట్టబద్ధమైన మార్గమే అయినా, లైసెన్సు గడువు తీరిన మరునాడే ఇంట్లోని పిస్టల్ నేరంగా మారుతుందని, తుపాకికి సంబంధించిన నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపివేయడానికి అదొక్కటే చాలునని గుర్తుంచుకోవాలి. పదేళ్లుగా గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఉన్న కుటుంబం ఇలాంటి సన్నని గీత మీద నడవడం నాకు తెలివైన పనిగా కనిపించదు. నడవాలనుకుంటే మాత్రం ఇమిగ్రేషన్ న్యాయవాదిని ముందే సంప్రదించాలి.

గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఫెడరల్ చట్టం దృష్టిలో ఈ అడ్డంకి లేదు. కానీ మన ఇళ్లలో తరచు కనిపించే పరిస్థితి వేరు: భార్యకు గ్రీన్ కార్డు వచ్చి భర్త ఇంకా హెచ్‌-1బి మీదే ఉండవచ్చు, లేదా విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామలు ఆరు నెలలు ఇంట్లో ఉండవచ్చు. పిస్టల్ ఎవరి పేరుమీద ఉన్నా, సేఫ్ తాళం సంఖ్య నిషేధం వర్తించే వ్యక్తికి తెలిసి ఉంటే, ఆ పిస్టల్ అతని అధీనంలో కూడా ఉన్నట్లేనని వాదించే అవకాశం ప్రాసిక్యూటరుకు ఉంటుంది. అందువల్ల ఆ సంఖ్య చట్టప్రకారం అర్హత ఉన్నవారికి మాత్రమే తెలియాలి. సరదాగా నాన్నగారిని షూటింగ్ రేంజికి తీసుకువెళ్లి ఆయన చేతికి పిస్టల్ ఇవ్వడం కూడా ఇదే చట్టం కిందికి వస్తుంది.

తర్వాత రాష్ట్రం సంగతి. టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండిన అర్హులు ఏ ముందస్తు పర్మిట్ లేకుండానే దుకాణంలో పిస్టల్ కొనవచ్చు. న్యూజెర్సీలో కొనే ప్రతి పిస్టల్‌కూ విడిగా ఒక పర్మిట్ కావాలి. ఇల్లినాయిలో ముందుగా ఫాయిడ్ కార్డు, అంటే తుపాకి యజమాని గుర్తింపు కార్డు, తీసుకోవాలి. కాలిఫోర్నియాలో రాత పరీక్ష, పది రోజుల నిరీక్షణతో పాటు, రాష్ట్రం ఆమోదించిన పిస్టళ్ల జాబితా ఒకటి ఉంటుంది. ఇక్కడ పేర్కొనబోయే చవక రకాలలో అనేకం ఆ జాబితాలో కనిపించవు గనుక, ఆ రాష్ట్రంలో ఉన్నవారు ఆ జాబితాను ముందు పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలలో మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపి పట్టులోకి దూర్చే డబ్బాలో, పది తూటాలకు మించి పట్టరాదు. ఈ నియమాలు ఏటా మారుతూ ఉంటాయి కాబట్టి, కొనే వారంలో రాష్ట్ర పోలీసు విభాగపు వెబ్‌సైటును చూసుకోవాలి.

ధర చీటీ మీద ఉన్నది సగం ఖర్చే

మూడు వందల డాలర్ల పిస్టల్‌కు మూడు వందలే ఖర్చవుతుందనుకునేవారు చివరకు పిస్టల్ కొని, మిగిలినవి వాయిదా వేస్తారు. ఆ మిగిలినవే ముఖ్యం. సుమారుగా చెప్పాలంటే, బలమైన చిన్న సేఫ్‌కు నూరు నుంచి రెండు వందల డాలర్లు, సాధన తూటాలు ఐదు వందలకు నూట ముప్పై నుంచి నూట యాభై, ఇంటి రక్షణ కోసం ఉంచే తూటాల పెట్టెలు రెండింటికి యాభై, శిక్షకుని దగ్గర ఒక పూట తరగతికి నూరు, చెవులకు కళ్లకు రక్షణ సామగ్రికి నలభై, మంచి చేతి టార్చికి నలభై, వీటికి తోడు అమ్మకపు పన్ను. ఆన్‌లైన్‌లో కొంటే పిస్టల్ నేరుగా ఇంటికి రాదు. లైసెన్సు ఉన్న స్థానిక డీలరు దగ్గరకే వస్తుంది, అతను బదిలీ రుసుముగా పాతిక నుంచి యాభై డాలర్లు తీసుకుంటాడు. అంటే మొత్తం కేటాయింపు తొమ్మిది వందల డాలర్లయితే, అందులో పిస్టల్ ధర మూడు వందల యాభై దగ్గర ఆగాలి. ఆరు వందలు పెట్టి పేరున్న పిస్టల్ కొని, తూటాలు ఖరీదని రేంజికి వెళ్లకుండా ఉండే వ్యక్తి కంటే, చవక పిస్టల్‌తో నెలనెలా సాధన చేసే వ్యక్తి ఇంటికి ఎక్కువ భద్రత ఇస్తాడు. ఏ పిస్టల్ కొనాలన్న ప్రశ్నకు నా సమాధానమంతా ఈ లెక్క నుంచే వస్తుంది.

తూటా పరిమాణం, పిస్టల్ పరిమాణం

తూటా విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు: 9 మిల్లీమీటర్లు. 1902 నుంచి వాడుకలో ఉన్న ఈ తూటా పెద్ద పిస్టల్ తూటాలన్నిటిలోనూ చవక, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, చేతికి తగిలే ఎదురుదెబ్బ భరించదగినంతే ఉంటుంది. 1990లలో అమెరికా పోలీసు విభాగాలు చాలావరకు మరింత లావైన .40 అంగుళాల పరిమాణానికి మారాయి; తూటాల తయారీ మెరుగుపడ్డాక ఎఫ్‌బీఐ తిరిగి 9 మిల్లీమీటర్లకే వచ్చింది, పోలీసు విభాగాలు అనేకం అదే దారి పట్టాయి. .45 గొప్పదని వాదించే పెద్దమనుషులు ప్రతి గన్ షాపులోనూ ఒకరుంటారు. వారి మాట మర్యాదగా విని 9 మిల్లీమీటర్లే కొనడం మేలు.

పరిమాణంలో మాత్రం చాలామంది పొరబడతారు. చిన్న పిస్టల్ చేతికి సులువుగా ఉంటుందనీ, ముఖ్యంగా ఇంట్లో ఆడవారికి అదే తగినదనీ అనుకుంటారు. జరిగేది దీనికి విరుద్ధం. జేబులో పట్టే తేలికపాటి పిస్టల్ పేలినప్పుడు, దాన్ని అదిమిపట్టే బరువు లేక చేతిలో గట్టిగా ఎగిరిపడుతుంది. పట్టు పొట్టిగా ఉండి చిటికెన వేలికి చోటు దొరకదు. ముందు, వెనుక గురిగుర్తుల మధ్య దూరం తక్కువై గురి కుదరదు. లోపలి స్ప్రింగు బిగువుగా ఉండి స్లైడును, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగాన్ని, వెనక్కు లాగడమే కష్టమవుతుంది. అలాంటివి దుస్తుల లోపల దాచి తీసుకువెళ్లేవారి కోసం తయారైనవి. ఇంట్లో ఉంచే పిస్టల్‌ను దాచి మోయనక్కరలేదు కాబట్టి, దాదాపు నాలుగంగుళాల బ్యారెల్ (తూటా దూసుకువచ్చే గొట్టం), అరచేయి మొత్తం ఆనే పట్టు, తూటాలు లేకుండా ఇరవై రెండు ఔన్సులకు అటూఇటూగా బరువు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 1988లో వచ్చిన గ్లాక్ 19 ఈ కొలతలకు ఒక ప్రమాణంగా నిలిచిపోయింది. తర్వాత వచ్చిన మధ్యస్థ పిస్టళ్లలో చాలావాటిని దానితోనే పోల్చి చూస్తారు. పిస్టల్ ముందుభాగంలో, బ్యారెల్ కింద లైటు బిగించుకోవడానికి గాడి ఉండడం కూడా ఇంటి పిస్టల్‌కు అవసరమే.

ఏవి చూడవచ్చు

ఈ ధరలు దుకాణాన్ని, పండుగ తగ్గింపులను బట్టి మారుతుంటాయి. మూడు వందల నుంచి మూడు వందల యాభై డాలర్ల పరిధిలో నేను మొదట చూడమనేది రూగర్ సెక్యూరిటీ-9. పదిహేను తూటాల మ్యాగజైన్, నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న ఈ పిస్టల్‌లో స్లైడును లాగడం అదే ధరలోని కొన్ని ఇతర రకాల కంటే తేలిక, పక్కన బొటనవేలితో జరిపే సేఫ్టీ మీట కూడా ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 దాదాపు ఇదే ధరలో పదహారు తూటాలతో వస్తుంది. దీని ట్రిగ్గర్ కాస్త బరువుగా, పొడవుగా లాగవలసి వస్తుందని అనుభవజ్ఞులు పెదవి విరుస్తారు గానీ, పొరపాటున పేలిపోతుందేమోనన్న భయం ఉన్న కొత్తవారికి ఆ బరువు లోపం కాకపోవచ్చు. బ్రెజిల్ కంపెనీ టారస్ తయారుచేసే జీ3 వీటికంటే చవక. దాని పొట్టి రకం జీ3సి ఎక్కువ ప్రచారంలో ఉన్నా, పైన చెప్పిన కారణాల వల్ల ఇంటికి జీ3 పూర్తి పరిమాణమే తగినది. ఇదే కంపెనీ హర్యానాలోని హిసార్‌లో జిందాల్ సంస్థతో కలిసి తయారీ చేపట్టిందన్నది మనవారికి ఆసక్తి కలిగించే సంగతి.

మరో యాభై, నూరు డాలర్లు పెట్టగలిగితే ఎంపిక విస్తరిస్తుంది. టర్కీ నుంచి వచ్చే కానిక్ టీపీ9 రకాల ట్రిగ్గర్ ఆ ధరకు ఆశ్చర్యం కలిగించేంత మృదువుగా ఉంటుంది. అయితే మృదువైన ట్రిగ్గర్ క్రమశిక్షణ ఉన్న వేలికే మేలు చేస్తుంది. 2024 చివరలో వచ్చిన రూగర్ ఆర్‌ఎక్స్‌ఎం, అలాగే పామెట్టో స్టేట్ ఆర్మరీ వారి డాగర్, రెండూ గ్లాక్ 19 మ్యాగజైన్లనే తీసుకుంటాయి. ఇది చిన్న విషయంగా కనిపించినా డబ్బు దగ్గర తేడా చూపిస్తుంది. కొన్ని కంపెనీల అదనపు మ్యాగజైన్ ఒక్కొక్కటి నలభై డాలర్లు పలుకుతుంటే, గ్లాక్ తరహావి దానిలో సగానికి దొరుకుతాయి, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. గ్లాక్ 19 కొత్తది ఐదు వందల డాలర్లు దాటుతుంది. మన్నికలో దాన్ని తప్పుపట్టేవారు లేరు, కానీ మొత్తం కేటాయింపు తొమ్మిది వందలే అయినప్పుడు ఆ అదనపు నూట యాభై డాలర్లు తూటాలకు పోవడమే న్యాయం.

చేతుల్లో బలం తక్కువగా ఉన్నవారికి, కీళ్లవాతం ఉన్నవారికి, స్లైడు లాగడమే అసలు సమస్య. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజడ్ రకాన్ని వారి కోసమే రూపొందించారు. ఎనిమిది తూటాలే పట్టినా, దాని స్లైడు సులువుగా కదులుతుంది, మ్యాగజైన్ నింపడం కూడా తేలిక, పట్టు వెనుక ఉన్న మీటను అరచేయి నొక్కితే తప్ప పేలదు. నాలుగు వందల డాలర్ల పైచిలుకు ధర ఉన్నా, ఇంట్లో అర్హత ఉన్న ఇద్దరూ వాడగలిగే పిస్టల్ అదే అయితే అదే కొనాలి. భర్త చేతికి సరిపోయేది కొనేసి భార్యను అలవాటు చేసుకోమనడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఇద్దరిలో బలహీనమైన చేతికి సరిపోయే పిస్టల్ బలమైన చేతికి ఎలాగూ సరిపోతుంది.

ఒహాయోలో తయారయ్యే హై-పాయింట్ సీ9 రెండు వందల డాలర్ల దగ్గరే దొరుకుతుంది. దానిలో బ్యారెల్, స్లైడు ఒకదానితో ఒకటి బిగిసే ఏర్పాటు లేదు; స్లైడు బరువే పేలుడు వేగాన్ని ఆపాలి గనుక పిస్టల్ మొత్తం ఇరవై తొమ్మిది ఔన్సులు తూగుతుంది, పట్టేవి ఎనిమిది తూటాలు. కంపెనీ జీవితకాలం మరమ్మతు హామీ ఇస్తుంది, పనిచేస్తుంది కూడా. అయినా మరో నూరు డాలర్లు కూడబెట్టుకునేదాకా ఆగమనే చెబుతాను.

పాతవి కొనేటప్పుడు

పోలీసు విభాగాలు కొత్త పిస్టళ్లకు మారినప్పుడు పాతవాటిని డీలర్లకు ఇచ్చివేస్తాయి. గ్లాక్ 22 వంటివి మూడు వందల డాలర్ల పరిసరాల్లో దొరుకుతుంటాయి. ఒరలో రాసుకుని స్లైడు మీద రంగు పోయి ఉంటుంది గానీ, చాలావాటిని రోజూ మోసినంతగా పేల్చి ఉండరు. అవి చవకగా రావడానికి ఒక కారణం .40 తూటా, దాని ఎదురుదెబ్బ 9 మిల్లీమీటర్ల కంటే గట్టిగా ఉంటుంది, సాధన తూటాలూ ఖరీదు. మొదటి పిస్టల్‌గా దాన్ని కొనవద్దు. పోలీసుల నుంచి వచ్చిన 9 మిల్లీమీటర్ల గ్లాక్ 17 గానీ, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ గానీ దొరికితే మాత్రం అంతకన్నా మంచి బేరం లేదు.

పాన్ షాపుల్లో, అంటే తాకట్టు దుకాణాల్లో, కనిపించే నూట పాతిక డాలర్ల చిన్న పిస్టళ్ల జోలికి పోకూడదు. రేవెన్, లోర్సిన్, బ్రైకో వంటి పేర్లతో 1970ల నుంచి 1990ల వరకు దక్షిణ కాలిఫోర్నియాలో జింకు మిశ్రమంతో పోతపోసి లక్షల కొద్దీ తయారైన ఆ రకాలకు ఇప్పుడు దిక్కుగా నిలిచే కంపెనీలు లేవు, కింద పడితే పేలదన్న భరోసా కూడా లేదు.

మంచి కంపెనీ పిస్టల్ అయినా, పాతదైతే సీరియల్ సంఖ్యను ఆ కంపెనీ వెబ్‌సైటులో సరిచూడాలి. 2020 మార్చి నుంచి అక్టోబరు వరకు తయారైన 9 మిల్లీమీటర్ల షీల్డ్ ఈజడ్ పిస్టళ్లలో కొన్నిటి సుత్తి విరిగే లోపం బయటపడి, ఆ కాలంలో తయారైనవాటన్నిటినీ కంపెనీ తనిఖీకి వెనక్కు పిలిచింది. ఒక కోణంలో కింద పడితే పేలే అవకాశం ఉందని తేలడంతో, సిగ్ సావర్ 2017లో పీ320 రకానికి ఉచితంగా మార్పులు చేసి ఇస్తామని ప్రకటించింది. టారస్ తన పాత రకాలు కొన్నిటి విషయంలో 2015లో కోర్టులో రాజీకి వచ్చింది. జీ3 ఆ తర్వాత వచ్చిన రకం.

కౌంటరు దగ్గర

దుకాణంలో అడిగితే పిస్టల్ చేతికిస్తారు. ఇచ్చే ముందు ఉద్యోగి మ్యాగజైన్ తీసి, స్లైడును వెనక్కు లాగి నిలిపి, చాంబర్, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటు, ఖాళీగా ఉందని చూపించాలి. చూపించకపోతే అడగాలి, ఆయన చూపించాక కూడా మనం మళ్లీ చూసుకోవాలి. మొనను ఎవరివైపూ తిప్పకుండా, నేలవైపో, వారు చెప్పిన గోడవైపో ఉంచాలి. పట్టులో చేతిని వీలైనంత పైకి ఆనించి, ముంజేయి, బ్యారెల్ ఒకే గీతలో ఉండేట్టు పట్టుకున్నప్పుడు, చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి హాయిగా చేరాలి. వేలికొన మాత్రమే అందుతుంటే పిస్టల్ చేతికి పెద్దది. రెండో కణుపు దాకా పోతుంటే చిన్నది. కొన్ని రకాలతో పాటు పట్టు వెనుక మార్చుకునే పలకలు వస్తాయి గనుక, పెద్దదనిపించినప్పుడు చిన్న పలక వేసి చూపమనాలి. తర్వాత స్లైడు. దాన్ని బొటనవేలు, చూపుడువేలితో గిల్లినట్టు లాగితే ఎవరికీ రాదు. ఎడమ అరచేతిని స్లైడు మీద బోర్లించి నాలుగు వేళ్లతో గుప్పిట పట్టి, పిస్టల్‌ను ఛాతీ దగ్గరకు తెచ్చి, కుడిచేత్తో పిస్టల్‌ను ముందుకు నెడుతూ ఎడమచేత్తో స్లైడును వెనక్కు లాగాలి. ఇలా వరుసగా పదిసార్లు లాగి చూడండి. ఐదోసారికే చేయి అలసిపోతే, ఆ పిస్టల్ ఎంత చవకైనా మీది కాదు. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూడవచ్చునా అని మాత్రం ముందు అడగడం మర్యాద.

కొనాలని నిశ్చయించుకున్నాక 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు అందులో తమ ఏలియన్ సంఖ్య కూడా రాయాలి కాబట్టి కార్డు వెంట ఉంచుకోవాలి. మనవారికి తరచు ఆటంకమయ్యేది డ్రైవింగ్ లైసెన్సు మీది పాత చిరునామా. ఇల్లు మారి లైసెన్సు మార్చుకోనివారు, కొత్త చిరునామా ఉన్న మరో ప్రభుత్వ పత్రం, ఉదాహరణకు వాహన రిజిస్ట్రేషన్, తీసుకువెళ్లాలి. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనుక ఉన్నా, కొనేవారి నేరచరిత్ర తనిఖీ ఆలస్యం కావచ్చు. గంజాయి వాడతారా అన్న ప్రశ్నకు, రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా సరే, ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబివ్వాలని ఫారంలోనే రాసి ఉంటుంది. గృహహింస కేసులో శిక్ష పడినవారు, కోర్టు రక్షణ ఉత్తర్వు కింద ఉన్నవారు కొనడానికి వీల్లేదు. అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. హెచ్‌-1బి మీద ఉన్న స్నేహితుడు డబ్బిస్తే అతని కోసం మన పేరుమీద కొనిపెట్టడం ఫెడరల్ నేరం. 2022 చట్టం దీనికి పదిహేనేళ్ల వరకు శిక్ష పెట్టింది. స్నేహధర్మం ఇక్కడ పనికిరాదు.

రేంజ్, తూటాలు

కొనే ముందు అద్దెకు తీసుకుని పేల్చి చూడడం ఉత్తమం. చాలా షూటింగ్ రేంజిలు పది, ఇరవై డాలర్ల అద్దెకు వేర్వేరు రకాలు ఇస్తాయి. కాగితపు లక్ష్యాన్ని ఏడు గజాల దూరంలో పెట్టి, ఒక్కో రకంతో యాభై తూటాలు పేలిస్తే, ఏది చేతికి వచ్చిందో కాగితమే చెబుతుంది. కుడిచేతివాటం ఉన్న కొత్తవారి రంధ్రాలు దాదాపు ఎప్పుడూ కిందికి, ఎడమకు పడతాయి. పేలుతుందన్న ఊహతో చేయి ముందే బిగిసి మొనను కిందికి తోయడం దీనికి కారణం, పిస్టల్ గురి తప్పిందని కాదు. పేలిన తూటా ఖాళీ తొడుగు బయటపడకుండా స్లైడు సందులో పొగగొట్టంలా నిలబడిపోయినప్పుడు కూడా వెంటనే పిస్టల్‌ను నిందించకూడదు. మణికట్టు వదులుగా ఉంటే స్లైడు వెనక్కు పోవడానికి ఆనిక దొరకదు. పట్టు బిగించి మళ్లీ ప్రయత్నించాలి.

కొన్న పిస్టల్‌తో కనీసం రెండు వందల సాధన తూటాలు ఆటంకం లేకుండా పేలేదాకా దాని మీద ఇంటి భారం పెట్టకూడదు. సాధన తూటాల మొన మొత్తం రాగి పూతతో ఉండి, తగిలిన దానిని దూసుకుని అవతలికి పోతుంది. ఇంటి రక్షణకు ఉంచేవి బోలు మొన ఉన్నవి: ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్, హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ వంటివి. ఇవి లోపల విచ్చుకుని వేగం తగ్గేలా తయారవుతాయి. ఎఫ్‌బీఐ పరీక్షలో జిలటిన్ దిమ్మలో పన్నెండు నుంచి పద్దెనిమిది అంగుళాలు దిగడాన్ని సరైన కొలతగా తీసుకుంటారు. అయినా అమెరికా ఇళ్ల గోడలు అరంగుళం జిప్సం పలకలేనని మరవకూడదు. గురి తప్పిన 9 మిల్లీమీటర్ల తూటా, ఏ రకమైనదైనా, అలాంటి గోడలను ఒకటి కాదు, వరుసగా కొన్నిటిని దాటిపోగలదు. పిల్లల గది ఏ గోడకు అవతల ఉందో పగలే చూసి పెట్టుకోవాలి. ఖరీదైన తూటాలు కనీసం ఒక పెట్టెడు మీ పిస్టల్‌లో పేల్చి చూడడం తప్పదు, ఎందుకంటే కొన్ని పిస్టళ్లు కొన్ని బోలు మొనలను మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి సరిగా ఎక్కించుకోవు.

టార్చిని విడిగా చేతిలో పట్టుకునేదే ముందు కొనండి. పిస్టల్‌కు బిగించిన లైటుతోనే అన్నీ చూడడం అంటే, చూసే ప్రతిదాని మీదా పిస్టల్ ఎక్కుపెట్టడమే. అర్ధరాత్రి వంటగదిలో మంచినీళ్ల కోసం లేచింది కాలేజీ నుంచి చెప్పకుండా వచ్చిన కొడుకు కావచ్చు.

సేఫ్, పిల్లలు, మనసు

దుకాణదారు ప్రతి పిస్టల్‌తో పాటు ఒక తాళం ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ తీగ తాళం రవాణాకు పనికొస్తుందే గానీ, రాత్రి రెండు గంటలకు తెరవడానికి పనికిరాదు. మంచం పక్కన నేలకో, బల్లకో మరలతో బిగించిన, అంకెల మీటలున్న చిన్న ఉక్కు సేఫ్ కావాలి. వేలిముద్రతో తెరుచుకునే చవక రకాలు తడి చేతికి మొండికేస్తాయి. ఇతరుల వేలికి తెరుచుకున్నవి ఉన్నాయని కొన్ని రకాలను మార్కెట్ నుంచి వెనక్కు పిలిచారు కూడా. బీరువా పైఅర, పరుపు కింద, దేవుడి గది అల్మరా, ఇవేవీ దాపులు కావు. పిల్లలకు వాటన్నిటిలో ఏముందో తెలుసు. టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేట్టు తూటాలు నింపిన తుపాకిని వదిలిపెట్టడం నేరం. కాలిఫోర్నియా, న్యూజెర్సీలలోనూ ఇలాంటి చట్టాలున్నాయి. మొదటి నెలల్లో, సాధన కుదిరేదాకా, నింపిన మ్యాగజైన్ పిస్టల్‌లో ఉంచి చాంబర్ ఖాళీగా ఉంచడం మంచిదని నా అభిప్రాయం. అవసరంలో స్లైడు లాగడానికి ఒక క్షణం పడుతుందని శిక్షకులు కొందరు ఒప్పుకోరు. ఆ క్షణం నష్టం కంటే అలవాటు లేని వేలి వల్ల వచ్చే నష్టమే పెద్దది.

మన ఇళ్లలో మాట్లాడుకోని సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. కాలిఫోర్నియాలో రెండు కోట్ల అరవై లక్షల మందిని పన్నెండేళ్లకు పైగా గమనించి 2020లో వెలువరించిన అధ్యయనంలో, పిస్టల్ సొంతంగా ఉన్న పురుషులలో తుపాకితో ఆత్మహత్యలు, లేనివారితో పోలిస్తే దాదాపు ఎనిమిది రెట్లు, స్త్రీలలో ముప్పై అయిదు రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఇంట్లో ఎవరైనా ఉద్యోగం పోయో, చదువు ఒత్తిడితోనో, కాన్పు తర్వాతనో కుంగిపోయి ఉన్నప్పుడు పిస్టల్ కొనడం వాయిదా వేయాలి. ఇప్పటికే ఉంటే దాన్ని కొంతకాలం బయట, డీలరు దగ్గరో, రాష్ట్ర చట్టం అనుమతించే మరో చోటో భద్రపరచాలి. అంతవరకు సేఫ్ సంఖ్య మార్చడమైనా ఆ రోజే జరగాలి.

రాత్రి అలికిడైనప్పుడు చేయవలసింది ఇల్లంతా వెతకడం కాదు. పిల్లలను ఒకే గదికి చేర్చి, తలుపు వేసి, 911కు ఫోన్ చేసి, ఇంట్లో పిస్టల్ ఉందని, ఏ గదిలో ఉన్నారో చెప్పి, ఆ తలుపును కనిపెట్టుకుని ఉండాలి. పోలీసులు లోపలికి వచ్చేసరికి చేతిలో పిస్టల్ ఉండకూడదు. రెండో అంతస్తు పడకగదిలో ఈ వరుసను ఇంటిల్లిపాదీ ఒక ఆదివారం చేసి చూస్తే, సేఫ్ ఎక్కడ బిగించాలో కూడా తేలిపోతుంది.

మరొక జాగ్రత్త ఇండియా ప్రయాణానికి సంబంధించినది. రేంజికి తీసుకువెళ్లే సంచిని మరి దేనికీ వాడకూడదు. లాప్‌టాప్ సంచి అరలోనో, జాకెట్ జేబులోనో మరచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ తనిఖీలో బయటపడితే, 1959 ఆయుధ చట్టం కింద కేసులో ఇరుక్కుంటారు. టెక్సాస్ రసీదు చూపినా అది లైసెన్సు కాదు. టికెట్టు కొన్న రోజునే సంచులన్నీ బోర్లించి, ప్రతి అర జిప్పూ తెరిచి, అడుగున చేయి పెట్టి తడిమి చూడండి.